బెల్లం దిమ్మల కింద మామ స్పీకరు

ఆ రోజుల్లో బల్ల మీదో, బీరువా మీదో పైపొర లేచిపోతే ఎవరూ పారేసేవారు కాదు, మా భాయ్ షాపుకి పట్టుకొచ్చేవారు. ఇప్పుడు చెక్క రంగు స్టిక్కరు చుట్టేసి, "కొత్తదానిలా లేదూ?" అని నన్నే అడుగుతున్నారు. ఉందనే చెబుతాను. వాదించే ఓపిక ఎప్పుడో అయిపోయింది. ముప్పై ఏళ్ళుగా అనకాపల్లిలో ఇదే పని. నడుం పట్టేసింది, గమ్మూ పాలిషూ పట్టి పట్టి వేళ్ళు మొద్దుబారాయి. మరీ అలిసిపోయిన రోజున మాత్రం ఎందుకో నేను చేసిన మొదటి వెధవపని గుర్తొచ్చి కాస్త నవ్వొస్తుంది.

అప్పటికి నాకు ఇరవై మూడు. మాది దేవరాపల్లి దగ్గర పల్లెటూరు. చెరుకు పని నా వల్ల కాదని ఇంట్లో అందరికీ తెలిసిపోయాక, టౌన్లో మంచాలు, బీరువాలు, స్పీకర్ పెట్టెలు బాగుచేసే భాయ్ దగ్గర చేరాను. మామూలు చెక్క మీద అందం కోసం అతికించే పల్చటి టేకు పొరని వెనీర్ అంటాం. అది లేచిన చోట కింద గమ్ము పెట్టి, పైన కాగితం వేసి, సమంగా బరువు పెట్టి ఒక రోజు కదపకుండా వదిలెయ్యాలి. అంతే. ఆ అంతే నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది (అప్పటికీ నేర్చుకోలేదని తర్వాత తేలింది).

మాడుగులలో మా మేనమామకి ఒక జత టేకు స్పీకర్లు, ఒక కూతురు. స్పీకర్లు వైజాగ్‌లో ఓడ ఉద్యోగి ఎవరో అమ్మేస్తుంటే మోజుపడి కొన్నాడు. ఆయనకి రెంటి మీదా ప్రాణమే. నాకు కూతురి మీద మాత్రమే. పిల్లని నాకిస్తాడా ఇవ్వడా అని పెద్దవాళ్ళు నానుస్తున్న రోజుల్లో వానజల్లు కొట్టి ఒక స్పీకరు పైపొర లేచింది. మామ దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి మా బల్ల మీద దించాడు. "అల్లుడా, నీ సేతిపని సూద్దారని తెచ్చేను. శనివారం వత్తాను," అని వెళ్ళిపోయాడు. భాయ్ గడ్డం నిమురుకుంటూ, "బేటా, ఇది రిపేరు కాదు, పరీక్ష," అన్నాడు.

గురువారం సాయంత్రం గమ్ము పెట్టాను. చెక్కని నొక్కిపట్టే క్లాంపులన్నీ ఎవరిదో డబుల్ కాట్‌కి బిగించి ఉన్నాయి. ఇసుక మూటలు కట్టమని చెప్పి భాయ్ ఇంటికెళ్ళాడు. నాకు బద్ధకం. ఎదురుగా బెల్లం గోదాములో మా బావ కాటా దగ్గర పనిచేసేవాడు. అనకాపల్లిలో ఉన్నవాడికి బరువు కావాలంటే ఇంకేం తడుతుంది? "బావా, రెండు దిమ్మలియ్యి. శనివారం పొద్దున్నే ఇచ్చేత్తాను," అన్నాను. "తినీకు మరి," అని ఇచ్చాడు. చదునైన అడుగు, మంచి బరువు! నా తెలివికి నేనే మురిసిపోయి షాపు మూశాను. శుక్రవారం మాకు సెలవు.

ఆ శుక్రవారమంతా ముసురు. వానాకాలంలో బెల్లం చెమర్చి కారుతుందని చెరుకు రైతు కొడుక్కి ఎవరైనా చెప్పాలా? శనివారం తలుపు తీసేసరికి కాగితం నాని, పాకం నాలుగు వైపులా కారి, మా గమ్ము కంటే గట్టిగా పట్టేసింది. ఊళ్ళో చీమలన్నీ మా షాపులోనే ఉన్నాయి. కంగారులో దిమ్మని లాగితే దాంతోపాటు అరచెయ్యంత టేకు పొర ఊడి వచ్చింది. "అరే మియా, రిపేరు సేసేవా, మిఠాయి సేసేవా?" అన్నాడు భాయ్. సరిగ్గా అప్పుడే మామ వచ్చాడు, చేతిలో హల్వా పొట్లంతో. స్పీకర్ని చూశాడు, చీమల్ని చూశాడు, నన్ను చూశాడు. పొట్లం భాయ్ చేతిలో పెట్టి, "బాగయితే అట్టుకురా. అవ్వకపోతే నువ్వూ రాకు," అని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఇంట్లో పెళ్ళి మాట ఎత్తడం మానేశారు. నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు.

ఆ తర్వాత నాలుగు వారాలు అదే పని. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ తడిపి బెల్లం తుడిచాను. పెట్టె అడుగున ఎవరికీ కనపడని చోట నుంచి అదే టేకు పొరని ఇస్త్రీపెట్టె వేడి మీద ఊడదీసి, చెక్క గీతలు కలిసేలా కోసి అతికించాను. రెండుసార్లు పాడయింది, మూడోసారి కుదిరింది. సాయం చెయ్యమంటే భాయ్ కదల్లేదు. "పెళ్ళి నీది, నువ్వే అతికించుకో," అన్నాడు.

స్పీకరు ఒళ్ళో పెట్టుకుని మాడుగుల బస్సెక్కాను. దిగేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి నడవలేకపోయాను. మామ ఇంటి అరుగు మీద దించి, మంచినీళ్ళ కోసం పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి ఆయన కూతురు దాన్ని తుడుస్తోంది. ఆమె వేలు సరిగ్గా ఆ అతుకు మీద ఆగింది. ఆమె నా వైపోసారి చూసి లోపలికి వెళ్ళింది. కాసేపటికి మామ వచ్చి అరచెయ్యి అటూ ఇటూ రాసి, "ఊఁ" అన్నాడు. ఆ నెల్లోనే మాటలయ్యాయి, వేసవిలో పెళ్ళయింది.

ఆ తర్వాత నా గర్వానికి హద్దు లేదు. పండక్కి వెళ్ళినప్పుడల్లా చుట్టాలందరికీ ఆ స్పీకరు చూపించి, అతుకు ఎక్కడుందో చెప్పమని పందెం కాసేవాణ్ణి. మామ నవ్వి ఊరుకునేవాడు. మొన్న నడుం నొప్పితో మంచమెక్కి, మా ఆవిడతో, "పాపం, మీ నాన్నకి ఆ అతుకు చివరిదాకా దొరకలేదే," అన్నాను.

"దొరక్కపోడవేటి బావా? అరుగు మీంచి లోపలికెల్లగానే నానకి నేను సెప్పీసేను."

లేచి కూర్చున్నాను. "మరి నాకెందుకిచ్చాడు నిన్ను?"

"పాడుసేసినోడు మరి మొహం సూపించడనుకున్నాడంట. ఒళ్ళో ఎట్టుకుని వచ్చేవు కదా!" అని నడుముకి మందు రాసి, లైటు ఆర్పేసినంత మామూలుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ నా చేతిపనే గెలిచిందనుకున్నాను. కాళ్ళు తిమ్మిరెక్కినా దించకుండా, మామని మోసం చెయ్యబోతున్నానని బిక్కుబిక్కుమంటూ ఆ బస్సులో కూర్చున్న కుర్రాడు గుర్తొచ్చాడు. ఒరే పిచ్చోడా, నువ్వు దిగేసరికే పిల్లనిచ్చేశారురా నీకు!