ఏ బంతి వదలాలో చెప్పిన లెక్కల టీచరుగారు

మంగళవారం పొద్దున పదకొండు గంటలకి పిఠాపురంలో మా స్కూలు ఆఫీసుకి ట్రంకాల్ వచ్చింది. నరసాపురంలో నేను చదువుకున్న బాలికల హైస్కూలు గుమాస్తాగారు. లైను బాగాలేక అరిచి చెప్పారు. "మన లెక్కల టీచరుగారు వెళ్ళిపోయారమ్మా! పొద్దున్నే కాఫీ తాగారంట. గ్లాసు కడిగి బోర్లించి, వచ్చి కుర్చీలో కూర్చున్నారంట. అంతేనమ్మా."

"గ్లాసు కడిగి బోర్లించారా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు. ఫోను పెట్టేశాక ముందు నవ్వొచ్చింది. ఆ వెనకాలే ఏడుపొచ్చింది. పోతూ పోతూ కూడా ఇంకొకరికి పని మిగల్చలేదు మహాతల్లి.

నేనిప్పుడు ఆటల టీచర్ని. పిల్లలకి సాఫ్ట్‌బాల్ నేర్పుతాను. ఇది బేస్‌బాల్‌కి చెల్లెలు లాంటి ఆట. బంతి కాస్త పెద్దది, చేతిని కిందినుంచి తిప్పి విసురుతారు. బ్యాటు పట్టిన పిల్ల దాన్ని కొట్టి, మూడు మూలల్లో ఉన్న బేసులు చుట్టి, బయల్దేరిన చోటికి చేరితే ఒక పరుగు. నాకు బంతి కొట్టడం నేర్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. కొట్టకుండా ఊరుకోవడం మాత్రం లెక్కల టీచరుగారొక్కరే నేర్పారు. ఆవిడ జన్మలో బ్యాటు పట్టుకోలేదు.

మా డ్రిల్లు టీచరుగారు ఏదో ట్రైనింగుకి వెళ్ళి, రెండు బ్యాట్లూ ఐదు తోలు గ్లవ్సులూ పట్టుకొచ్చి మా స్కూల్లో ఆ ఆట మొదలుపెట్టారు. ఆడటానికి పిల్లలు దొరికారు గానీ స్కోరు రాయడానికే ఎవరూ దొరకలేదు. ఆ కాగితం నిండా గడులు, గడిలో గడి, గీతలు, గుర్తులు. చివరికి లెక్కల టీచరుగారిని బతిమాలారు. ఆవిడ శనివారం రూల్సు పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి, సోమవారం తెచ్చి ఇచ్చేస్తూ, "పదిహేడో పేజీలో అచ్చుతప్పుందండి" అన్నారు.

అప్పట్నుంచి ప్రతి మ్యాచికీ వచ్చేవారు. క్లాసులోంచి ఓ స్టూలు, ముడిలో గుచ్చిన పెన్సిలు, నల్ల గొడుగు. అందరూ ఎవరు కొట్టారో, ఎవరు అవుటయ్యారో రాస్తే, ఈవిడ వచ్చిన ప్రతి బంతీ ఎలా వచ్చిందో పక్కన చిన్న అక్షరాలతో రాసేవారు. ఎత్తుగానా, కిందగానా, దూరంగానా అని. అలా రాయమని ఎవరూ చెప్పలేదు.

నేను పదో తరగతిలో ఉండగా ఒకరోజు ఆ కాగితం నా ముందు పెట్టారు.

"అమ్మాయ్, భుజం కన్నా పైకొచ్చిన బంతి నువ్వెప్పుడైనా కొట్టగలిగావా?"

"లేదండి."

"మరెందుకు ఊపుతావు?"

"వచ్చింది కదా అనండి."

ఆవిడ పకపకా నవ్వారు. "పరీక్ష పేపర్లో ఎనిమిది లెక్కలిచ్చి అయిదు చెయ్యమంటాడు. ఏ మూడు వదలాలో తెలిసిన పిల్లే ముందు లేచి బయటికెళ్తుంది. వచ్చిన ప్రతిదానికీ ఊపేస్తే ఎలాగే?"

ఆ ఏడాది నుంచి నేను బాగా కొట్టడం మొదలుపెట్టాను. ఇంటర్ పూర్తయ్యేసరికి జిల్లా జట్టులో నా పేరు కొంచెం వినబడింది. రెండు డిగ్రీ కాలేజీల కోచ్‌లు ఒకే వారంలో మా ఇంటికి వచ్చారు. ఒకాయనది విశాఖపట్నం, యూనివర్సిటీ పోటీల్లో ఏటా గెలిచే జట్టు. ఇంకొకావిడది రాజమండ్రి, అప్పుడే పుడుతున్న జట్టు. రెండుచోట్లా హాస్టలు ఉచితమే, కానీ ఆడినన్నాళ్ళే. మా నాన్న రేవులో పంటు మీద జనాన్ని గోదావరి దాటించే పని చేసేవారు. హాస్టలు సీటు పోతే నా చదువు అక్కడితో ఆఖరు.

నాన్న నన్ను వెంటబెట్టుకుని టీచరుగారింటికి వెళ్ళారు. "ఆయ్, తవరే చెప్పాలండి. ఇశాపట్నమైతే పెద్ద ఊరు, పెద్ద జట్టండి" అన్నారు. నా మనసూ అక్కడే ఉంది. సముద్రం పక్కన మైదానమనీ, జట్టందరికీ నీలం యూనిఫారాలనీ ఆ కోచ్ చెప్పారు మరి.

టీచరుగారు ఇద్దరు కోచ్‌లనీ వేర్వేరుగా పిలిపించి, కాఫీ ఇచ్చి మాట్లాడారు. విశాఖ కోచ్‌ని ఒకటే అడిగారు. "మీ జట్టులో బాగా కొట్టేవాళ్ళు ఏ క్లాసు చదువుతున్నారండి?"

"నలుగురూ ఫస్టియరేనండి. ఇంకో రెండేళ్ళు మాకు దిగుల్లేదు" అన్నారాయన గర్వంగా.

"అయితే మా అమ్మాయి రెండేళ్ళు మంచినీళ్ళ బిందె మోస్తుందన్నమాట. ఇంకాస్త పంచదార వెయ్యమంటారా?"

రాజమండ్రి ఆవిడని మీ జట్టెలా ఉంటుందని అడిగారు. "మొదటి ఏడాది ఓడిపోతామండి. మాకు కొట్టేవాళ్ళే లేరు" అన్నారావిడ. టీచరుగారు నావైపు తిరిగి, "నిజం చెప్పే చోటు దొరికింది, పెట్టె సర్దుకో" అన్నారు.

నేను ఏడ్చాను. వారం రోజులు ఆవిడ వీధిలోంచి నడవడం మానేశాను. కానీ నాన్న ఆవిడ మాటే విన్నారు.

రాజమండ్రిలో మొదటి నాలుగు మ్యాచుల్లో నేను ఒక్క బంతీ సరిగా కొట్టలేదు. జట్టంతా నా మొహమే చూసేది. అది చూసి నేనింకా గట్టిగా ఊపేదాన్ని. కోచ్ ఓ సాయంత్రం పక్కకి పిలిచి, "ఆదివారం విశాఖ వాళ్ళతో మ్యాచి. ఇదీ పోతే ప్రిన్సిపాల్‌గారికి నేనేం చెప్పుకోలేనమ్మా" అన్నారు. ఆవిడ కళ్ళలోనూ నీళ్ళున్నాయి. నేను గదికెళ్ళి కార్డు రాశాను. "టీచరుగారికి నమస్కారములు. మీ మాట విని చెడిపోయాను." అంతకన్నా ఇంకేం రాయలేదు. పోస్టులో పడేసిన మరుక్షణం నాలిక కొరుక్కున్నాను.

శనివారం మధ్యాహ్నం ఆవిడ నిడదవోలులో రైలు మారి, దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్టతో మా హాస్టలు గేటు దగ్గర రిక్షా దిగారు. కార్డు సంగతి ఎత్తలేదు. "ప్రాక్టీసు ఎన్నింటికి?" అన్నారు. గొడుగు వేసుకుని గంటన్నర చూశారు. తర్వాత కోచ్‌నీ నన్నూ కూర్చోబెట్టారు.

"నా లెక్కలో ఒక తప్పు దొర్లింది" అన్నారు మొదటిమాట. ఒక పెద్దమనిషి, అందులోనూ లెక్కల టీచరు, అలా అనడం నేను అంతకుముందు వినలేదు. "జట్టు మంచిదే. అవకాశమూ ఉంది. కానీ ఈ పిల్ల తొమ్మిదిమంది బరువూ ఒక్కతే నెత్తికెత్తుకుంటుందని నేననుకోలేదు. అందుకే భుజం మీద బంతులకీ ఊపేస్తోంది. కోచ్‌గారూ, నాలుగు పిచ్చి బంతులు వదిలేసిన పిల్ల మొదటి బేసుకి ఊరికే నడిచిపోవచ్చు కదండీ?"

"అవునండి."

"మీ పిల్లల్లో కొట్టలేనివాళ్ళు ఉన్నారు గానీ, నిలబడలేనివాళ్ళు లేరు కదా! విశాఖ జట్టులో బంతి విసిరే పిల్ల చాలా వేగమంటున్నారు, గురి ఎలా ఉంటుందో చూద్దాం. ఇద్దరు నిబ్బరంగల పిల్లల్ని ముందు పంపించండి, ఊరికే నిలబడి రమ్మనండి. దీన్ని వాళ్ళ వెనక పంపించండి."

నావైపు చూసి, "నీకు తోడుంటారు. ఇక నువ్వు వదలాల్సింది వదులు" అన్నారు.

ఆదివారం ఆవిడ చర్చికి వెళ్ళొచ్చాక మ్యాచి. విశాఖ పిల్ల నిజంగానే పిడుగులా విసిరింది. మొదట్లో మేం ఏమీ చెయ్యలేకపోయాం. వాళ్ళు నాలుగు పరుగులు చేశారు. కానీ ఎండ ముదిరేకొద్దీ ఆ పిల్ల చెయ్యి అలిసింది. చివరి విడతలో మా ఇద్దరు పిల్లలూ బ్యాటు భుజాన పెట్టుకుని దేవుడి బొమ్మల్లా నిలబడి, వరసగా నడిచి బేసులెక్కేశారు. నా వంతొచ్చింది. మొదటి బంతి నెత్తిమీదికొచ్చింది. వదిలాను. రెండోది మంచిదే, అయినా నాది కాదనిపించింది, వదిలాను. జనం గోలపెట్టారు. మూడోది నడుం ఎత్తున, నా కోసమే వచ్చినట్టు వచ్చింది. అది గోడకి తగిలిన చప్పుడు నాకింకా వినబడుతూనే ఉంది. ముగ్గురం పరుగెత్తి బయల్దేరిన చోటికి చేరాం, మూడు పరుగులు.

నా వెనకొచ్చినవాళ్ళు అవుటైపోయి, ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాం. ఓడిపోయి మైదానమంతా గెంతులేసింది మేమే. కోచ్ నన్ను ఎత్తుకోబోయి ఇద్దరం కిందపడ్డాం. విశాఖ కోచ్ వచ్చి టీచరుగారికి నమస్కారం పెట్టి, "వచ్చే ఏడైనా ఆ అమ్మాయిని మాకివ్వండి" అన్నారు. "ఇప్పుడు అస్సలివ్వనండి" అన్నారావిడ, మనవరాలి సంబంధం తోసిపుచ్చినట్టు.

ఏటా గెలిచే జట్టుకి ఒక్క పరుగు దూరం దాకా వెళ్ళామని చెప్పి కోచ్ ప్రిన్సిపాల్‌గారిని ఒప్పించారు, హాస్టలు సీటు మూడేళ్ళూ నిలిచింది. మూడో ఏడు మా జట్టు విశాఖని వాళ్ళ సముద్రం పక్కనే ఓడించింది. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్ళి, ప్రతి మలుపులోనూ నేను నరసాపురం కార్డు రాసి అడిగేదాన్ని. "ఇలా చెయ్యి" అని ఆవిడ ఒక్కసారీ రాయలేదు. రెండు ప్రశ్నలు రాసేవారు. వాటికి జవాబు వెతుక్కునేసరికి దారి తెలిసిపోయేది.

బుధవారం సమాధి దగ్గర మేం పాత పిల్లలం పదిమందిమి కలిశాం. ఆవిడ మాటలు ఒకరికొకరం చెప్పుకుని నవ్వుతుంటే పాస్టరుగారు మొదట వింతగా చూశారు, తర్వాత ఆయనా నవ్వారు. అన్నం ఒక పూట ఆకలి తీరుస్తుంది, ఆవిడ అడిగిన ప్రశ్న ఏళ్ళ తరబడి మనిషిని నిలబెట్టింది. ఆ రుణం తీర్చుకోలేదు గానీ, సంతోషంగా మోస్తున్నాను.

నాకు మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చేది ఆ ఆదివారం సాయంత్రం రైలు. స్టేషన్లో ఆవిడకి కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురుగా అరటిగెలలు పెట్టుకుని ఓ రైతు కూర్చున్నాడు. నేను అరటిపళ్ళో, మంచినీళ్ళో కావాలా అని అడిగేలోపే ఆవిడ అతనికి మ్యాచి కథ చెప్పడం మొదలెట్టేశారు. బండి కదిలింది. నేను చెయ్యూపాను, ఆవిడ చూడలేదు. కిటికీ ఊచల వెనక ఆవిడ కుడిచెయ్యి నెమ్మదిగా పైకి లేచి, గాలిలో ఒక పెద్ద వంపు గీస్తోంది. ఆ రైతు నోరు తెరుచుకుని, బంతి ఎక్కడ పడుతుందోనని ఆ చేతివంకే చూస్తున్నాడు. బండి గోదావరి వంతెన వైపు మళ్ళింది.