ఆరో తూటా

నాకు రివాల్వరు పట్టుకోవడం నేర్పింది సబ్ ఇన్‌స్పెక్టర్ జీవరత్నం గారు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంగతి మాత్రం నేను ఉద్యోగంలో చేరకముందే జరిగింది. కొంత ఆయనే చెప్పారు. కొంత ఆయన భార్య సంపూర్ణమ్మ గారు చెప్పారు. ఆ రోజు అదే గదిలో ఉన్న ఆమె తమ్ముడు అబ్రహాము మిగతాది చెప్పాడు.

జీవరత్నం గారిది కృష్ణ ఒడ్డున ఒక లంక గ్రామం. తండ్రి పాలేరు. ఊళ్ళో ప్రార్థన మందిరం పాస్టరు గారు పట్టుబట్టి బందరులో కాలేజీ దాకా చదివించారు. వాళ్ళ పేటలో ఖాకీ బట్టలు వేసుకున్న మొదటి మనిషి ఆయనే. పోలీసు శిక్షణలో మొదటిసారి రివాల్వరు చేతికి ఇచ్చినప్పుడు చుట్టూ అందరి చేతులూ వణికాయట, ఈయన చెయ్యి వణకలేదు. ఆ తర్వాత జిల్లాల మధ్య జరిగే పోలీసు పోటీల్లో ఏటా ఆయన పేరు వినిపిస్తూనే ఉండేది. 1972 వేసవి మొదట్లో రివాల్వరు విభాగంలో మొదటి బహుమతిగా వెండి కప్పు అందుకున్నారు. అప్పటికి ఆయన చల్లపల్లి దగ్గర ఒక చిన్న స్టేషనులో ఎస్సై. సంపూర్ణమ్మ గారు అక్కడే ఎలిమెంటరీ స్కూల్లో టీచరు.

కప్పు తెచ్చిన మర్నాడు ఆదివారం. పక్క ఊళ్ళో తిరునాళ్ళ బందోబస్తు ముగించుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. డ్యూటీ దిగిన ఎస్సై ముందు స్టేషనుకి వెళ్ళాలి. రివాల్వరు ఖాళీ చేసి, తూటాలు ఒప్పజెప్పి, తాళం వేయించాలి. ఇంటిమొహం పట్టాల్సింది ఆ తర్వాతే. స్టేషను రోడ్డుకి అటువైపే ఉంది. కానీ ఆకలి మీదున్నారు, పైగా కప్పు చూడ్డానికి బావమరిది వచ్చాడని కబురొచ్చింది. భోజనం చేసి వెళ్దాంలే అనుకున్నారు.

తిన్న తర్వాత అబ్రహాము అడిగాడు. "బావగారూ, అసలెలా కాలుస్తారో ఒక్కసారి చూపించండి. రేపు మా స్కూల్లో చెప్పుకుంటాను."

జీవరత్నం గారు రివాల్వరు మడత విప్పారు. ఆ రకంలో మడత విప్పగానే లోపలున్న నక్షత్రంలాంటి పలక పైకి లేచి తూటాలన్నిటినీ బయటికి నెడుతుంది. తూటాలు అరచేతిలో పడ్డాయి. మాట్లాడుతూనే వాటిని బల్ల మీద పోశారు. పడ్డవి ఐదు. ఆరోది ఆ పలక కిందికి జారి లోపలే ఉండిపోయింది. పాత రివాల్వర్లలో అప్పుడప్పుడూ ఇలా జరుగుతుంది. అది ఆయనకి తెలియనిదేం కాదు. అయినా ఆ రోజు లెక్కపెట్టలేదు, లోపలికి తొంగిచూడకుండానే మడత మూసేశారు.

"ఊపిరి సగం వదిలి ఆపాలి. వేలు తప్ప ఇంకేదీ కదలకూడదు," అంటూ వంటింటి గుమ్మం వైపు గురిపెట్టి నొక్కారు. టక్‌మంది. మళ్ళీ నొక్కారు. టక్‌మంది. మూడోసారి నొక్కేటప్పటికి సంపూర్ణమ్మ గారు మజ్జిగ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

తూటా ఆమె ఎడమ భుజం కింద ఎముకని విరగ్గొట్టి గోడలో దిగింది. జీవరత్నం గారు దండెం మీదున్న పంచె చింపి కట్టు కట్టి, జీపులో ఒళ్ళో పడుకోబెట్టుకుని బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. దారి పొడుగునా ఆమే నడుమ నడుమ కళ్ళు తెరిచి, "నేను బాగానే ఉన్నానండీ," అంటూ వచ్చిందట. ప్రాణానికి ప్రమాదం లేదని, చెయ్యి కూడా నిలుస్తుందని డాక్టరు చెప్పాక ఆయన వరండాలో గోడకి ఆనుకుని కూలబడిపోయారు.

మర్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రామకోటేశ్వరరావు గారు వచ్చారు. చెడ్డవాడు కాదు. కింది ఉద్యోగిని కాపాడుకుందామనే వచ్చారు.

"చూడు జీవరత్నం, చేతిలోంచి జారి కిందపడి పేలిందని రాద్దాం. నీ ఉద్యోగానికి ఢోకా ఉండదు."

"కింద పడలేదండి. నేనే నొక్కాను."

"అది నాకు తెలీకనా? రాసేది వేరయ్యా. మీ ఆవిడ కూడా అదే మాట చెబితే చాలు."

మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్న సంపూర్ణమ్మ గారికి ఈ మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. "నేను చెప్పలేనండి, ఇన్‌స్పెక్టరు గారూ," అంది. "బడిలో పిల్లలు చెయ్యి ఏమైందని అడుగుతారు. వాళ్ళకో మాట, మీకో మాట చెబుతూ ఎన్నాళ్ళని గుర్తుపెట్టుకోను? జరిగిందే రాయనివ్వండి."

జరిగింది జరిగినట్టే రాశారు. జీవరత్నం గారిని సస్పెండ్ చేశారు. విచారణ తర్వాత తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు గానీ, ఇంక్రిమెంట్లు కోశారు. మళ్ళీ ఉత్తర్వులు వచ్చేదాకా రివాల్వరు ముట్టుకోకూడదన్నారు, పోటీలకి వెళ్ళకూడదన్నారు. విజయవాడ వన్ టౌన్‌కి బదిలీ చేశారు. నడుముకి ఖాళీ బెల్టు, చేతిలో లాఠీ. బజార్లో హమాలీలు ఆయనకి కర్ర ఎస్సై అని పేరు పెట్టారు. ఆయన వినీ విననట్టు వెళ్ళిపోయేవారు.

సంపూర్ణమ్మ గారి ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. జడ వేసుకోవడం కుదిరేది కాదు. రోజూ ఉదయం జీవరత్నం గారు స్టేషనుకి వెళ్ళేముందు ఆమెకి జడ వేసేవారు. మొదట్లో అది వదులుగా, వంకరగా వచ్చేదట. "స్కూల్లో తోటి టీచర్లు నవ్వుతున్నారండీ, కాస్త గట్టిగా అల్లండి," అనేదట ఆమె. నేను ఎరిగేనాటికి ఆయన చెయ్యి బాగా తిరిగిపోయింది.

వన్ టౌన్‌కి వచ్చిన రెండో ఏడు ఒక బెల్లం గోడౌను దగ్గర గొడవైంది. పుల్లయ్య అని ఆ గోడౌను కాపలాదారు. ముసలాడివైపోయావంటూ యజమాని అతన్ని తీసేసి ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. పుల్లయ్య తాగొచ్చి, యజమాని రెండు గొట్టాల తుపాకీ చేజిక్కించుకుని, గోడౌను తలుపుకి అడ్డంగా కూర్చున్నాడు. దగ్గరికొస్తే కాల్చేస్తానని అరుస్తున్నాడు. సందులో తోపుడుబళ్ళన్నీ ఆగిపోయాయి. జీవరత్నం గారితో వచ్చిన ఒక కానిస్టేబులు తుపాకీ ఎక్కుపెట్టబోతే ఆయన ఆపారు.

"వెనకాల ఎంతమంది ఉన్నారో చూశావా? దించు. జనాన్ని సందు చివరికి పంపు."

తను ఒక్కడే ముందుకెళ్ళి, కాస్త దూరంలో ఒక బెల్లం బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నారు.

"పుల్లయ్యా, రెండు గొట్టాలూ నింపావా?"

"నింపానండి."

"ట్రిగ్గరు మీద వేలెందుకు?"

"కాల్చడానికండి."

"ఎవర్ని?"

పుల్లయ్య చుట్టూ చూశాడు. "నాకూ తెలవదండి," అన్నాడు.

"అయితే వేలు తీసి పక్కన పెట్టుకో. ఎవర్నో తేల్చుకున్నాక పెడుదువుగాని."

పుల్లయ్య వేలు తీశాడు. అప్పుడు జీవరత్నం గారు తన ఇంట్లో జరిగిందంతా అతనికి చెప్పారు. అప్పటిదాకా తోటి ఉద్యోగులతో కూడా ఆయన ఆ మాట ఎత్తలేదు. "నేను కూడా ఎవర్నీ కాల్చాలనుకోలేదు పుల్లయ్యా. అయినా మా ఆవిడ చెయ్యి లేవదు ఇవాళ్టికీ," అన్నారు.

పుల్లయ్య ఏడ్చాడు. ఏడుస్తూనే తుపాకీ మడత విప్పాడు.

"రెండూ బయటికొచ్చాయా?"

"వచ్చాయండి."

"గొట్టాల్లోంచి చూడు. ఆకాశం కనబడుతోందా?"

"కనబడుతోందండి."

అప్పుడు లేచి వెళ్ళి తుపాకీ అందుకున్నారు. పుల్లయ్య మీద కేసు పెట్టక తప్పలేదు. కోర్టు చిన్న జరిమానాతో వదిలేసింది. తుపాకీకి తాళం వెయ్యనందుకు యజమాని కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత జీవరత్నం గారి మాట మీద అతను పుల్లయ్యని పగటిపూట గేటు దగ్గర పెట్టుకున్నాడు.

ఈ సంగతి పైఅధికారుల దాకా వెళ్ళింది. డీఎస్పీ గారు పిలిపించి రివాల్వరు తిరిగి ఇవ్వమని సిఫార్సు చేస్తున్నానన్నారు. జీవరత్నం గారు ఒకటి అడిగారు. "కొత్త ఎస్సైలకి ఆయుధాల తరగతి నన్ను తీసుకోనివ్వండి సార్. అది కుదిరితే రివాల్వరు తీసుకుంటాను."

అలా 1975లో మా జట్టు ఆయన చేతిలో పడింది. హనుమాన్ జంక్షన్ దగ్గర వ్యవసాయదారుల కుటుంబం మాది. ఉద్యోగం కొత్త, నడుముకి రివాల్వరు కొత్త. నాతోపాటు ఉన్నవాళ్ళూ అంతే. విజయవాడ బయట కొండ పక్కన ఉన్న కాల్పుల రేంజిలో తరగతి. ప్రతి తుపాకీ నిండుగా ఉన్నట్టే చూడాలి. కాల్చే దాకా వేలు ట్రిగ్గరు మీద ఉండకూడదు. కాల్చనిదాని వైపు గొట్టం తిప్పకూడదు. కాల్చేదాని వెనక ఏముందో చూడకుండా కాల్చకూడదు. ఇవే మాటలు మెల్లగా, తల వంచుకుని చెప్పేవారు. మాకు ఆవులింతలు వచ్చేవి. ఆయన్ని గురించిన పుకార్లు మాకు తెలుసు. కానీ ఆయన తనంతట తాను ఏమీ చెప్పేవారు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం సంపూర్ణమ్మ గారు రేంజికి వచ్చారు. ఆయన పిలవలేదు. తరగతి సరిగ్గా సాగడం లేదని ఇంట్లో ఆయన మొహం చూసి గ్రహించి, తనే బడికి సెలవు పెట్టి వచ్చారు. అప్పుడు నేను రివాల్వరుని వేలికి తగిలించి తిప్పుతూ స్నేహితులకి చూపిస్తున్నాను.

"మీ పేరేంటి బాబూ?"

"తిరుపతిరావండి."

"అది ఖాళీదేనా?"

"ఖాళీదేనండి."

"చూశారా?"

నేను చూడలేదు. విప్పి చూశాను. ఖాళీగానే ఉంది. అయినా చెవులు వేడెక్కాయి.

ఆమె బడిలో పాఠం చెప్పినట్టే మా ముందు నిలబడింది. "తూటా తగిలినప్పుడు నాకు నొప్పి తెలియలేదు. అయ్యో, గ్లాసులు పగిలిపోయాయే అనుకున్నాను," అంది. "ఆ రోజు ఇంట్లో ముగ్గురం ఉన్నాం. అది ఖాళీదని ముగ్గురికీ తెలుసు. మా ఆయనంత బాగా కాల్చేవాడు జిల్లాలోనే లేడనేవారు. అది నిజమే. గుమ్మానికి గురిపెట్టారు, గుమ్మంలో ఉన్న నాకే తగిలింది." చీర కొంగు సర్దుకుని ఎడమ చెయ్యి ఎంతవరకు లేస్తుందో అంతవరకు లేపి చూపించింది. "కాల్చడం రాని మనిషైతే తప్పు చేశారనుకోవచ్చు. బాగా వచ్చు గనకే చూసుకోలేదు. మీకూ బాగా రావాలి. వచ్చాక కూడా చూసుకోండి."

జీవరత్నం గారు అటు తిరిగి టార్గెట్ల వైపు చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి మా వైపు తిరిగారు. ఆ రోజు నుంచి ఆయన మాట మారింది. ఆరో తూటా సంగతి ఆయనే చెప్పడం మొదలుపెట్టారు, ఏ జట్టు వచ్చినా మొదటి రోజే. ఏ మాత్రం దాచకుండా చెప్పేవారు. ఆవులించినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

మా సబ్ డివిజన్‌లో స్టేషను గుమ్మం పక్కన ఇసుక తొట్టి పెట్టించింది కూడా ఆయనే. గొట్టం ఇసుక వైపు పెట్టి ఖాళీ చెయ్యాలి, తూటాలు పైకి లెక్కపెట్టాలి, పక్కనున్న మనిషి కూడా తొంగిచూసి సరే అనాలి. పాతవాళ్ళు కొందరు గొణిగారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళ చేతులూ వాటంతటవే తొట్టి వైపు వెళ్ళేవి.

ఒకసారి హనుమాన్ జంక్షన్‌లో లారీ దొంగ ఒకడు నా చేతి నుంచి తప్పించుకుని బస్సుల వైపు పరిగెత్తాడు. రివాల్వరు తీశాను. గురి కుదిరింది. వాడి వెనకాల బస్సు ఎక్కుతున్న ఆడవాళ్ళు కనిపించారు. రివాల్వరు ఒరలో పెట్టి పరిగెత్తి పట్టుకున్నాను. మోకాళ్ళు కొట్టుకుపోయాయి. ఆ సంగతి చెబితే జీవరత్నం గారు, "పరుగు బాగానే వచ్చిందే, ఇంక గురి సంగతి నేను చూస్తాలే," అని నవ్వారు. ఆయన నవ్వగా చూడ్డం నాకదే మొదలు.

పోటీలకి మళ్ళీ వెళ్ళమని మేమంతా వెంటపడ్డాం. ఆయన ఒప్పుకోలేదు. చివరికి సంపూర్ణమ్మ గారే, "నా కోసం మానుకున్నానని అనుకుంటున్నారేమో. నేను మానమనలేదే," అంది. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు మా వాళ్ళెవరికీ పోటీల ధ్యాసే లేదు. ఆ పైఏడు జిల్లాల పోటీలో ఆయన మొదటి స్థానంలో వచ్చారు. 1979 జనవరిలో హైదరాబాదులో రాష్ట్ర పోటీలు. నేనూ జట్టులో ఉన్నాను. సంపూర్ణమ్మ గారు మాతోపాటు రైలెక్కారు.

చివరి వరస కాల్పుల దాకా జీవరత్నం గారు ముందున్నారు. ఆ వరసలో ఒక తూటా పేలలేదు. అలాంటప్పుడు మందు ఒక్కోసారి ఆలస్యంగా అంటుకుంటుంది. అందుకని ఆయన గొట్టం టార్గెట్టు వైపే ఉంచి, రెండో చెయ్యి పైకెత్తి, అధికారి వచ్చేదాకా బొమ్మలా నిలబడ్డారు. వరస మళ్ళీ కాల్చనిచ్చారు గానీ, మొదటి నిలకడ రాలేదు.

షామియానా కింద కూర్చున్న ఆమె దగ్గరికి మేమిద్దరం వెళ్ళాం.

"ఎన్నో స్థానమండీ?"

"నాలుగు."

"పతకాలు ఎన్నింటికి?"

"మూడింటికి."

ఆమె పక్కకి జరిగి చోటిచ్చింది. "కూర్చోండి. తిరుపతిరావు గారూ, మీరూ రండి. పులిహోర ఎక్కువే తెచ్చాను."

ఆయన విస్తరాకు ముందు కూర్చుని కాసేపు టార్గెట్ల వైపు చూశారు. మొహంలో అలసట ఉంది, దిగులు లేదు. "వచ్చే ఏడు మళ్ళీ వస్తాను సంపూర్ణా," అన్నారు.

"తప్పకుండా రండి," అంది ఆమె వడ్డిస్తూ. "ఈ రెండు రోజులూ ఈ మైదానంలోనే సరిపోయింది. నేను చార్మినార్ కూడా చూడలేదు."