టీవీ ముందు టేప్‌రికార్డర్

మధ్యాహ్నం సీరియళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ రోత. ఎవరి చేతిలోంచో గ్లాసు జారితే దాన్ని మూడు వైపుల నుంచి చూపించి, ఇంట్లో ఉన్న అందరి మొహాలూ వరసగా చూపించి, ఒక్కో మొహానికీ ఒక్కో పిడుగు మోత పెట్టి, ఆ గ్లాసును మర్నాటిదాకా నేల మీదే ఉంచుతారు. మెడనిండా నగలతో నిద్రపోయే కోడళ్లు, తలుపు చాటున పుట్టి తలుపు చాటునే పెరిగినట్టుండే అత్తలు. ఛీ! ఇప్పటికీ పక్కింట్లోంచి ఆ మోత వస్తే నేను కిటికీ వేసేస్తాను. అలాంటిదాన్ని, పోయిన ఎండాకాలమంతా ఒక పాత సీరియల్ కోసం తగలేశాను.

మేం కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్లలో పెరిగాం. నాన్నది బొగ్గుబాయి పని. నాన్న షిఫ్టుకు పోగానే అమ్మ గిన్నెలు తోమేసి, టీవీ ముందు స్టూలు వేసి, దాని మీద టేప్‌రికార్డర్ పెట్టి ఎర్ర బటన్ నొక్కేది. ఎవరి కోసమంటే, మా పెద్దమ్మ కోసం. అమ్మకు సొంత అక్క. టేకులపల్లి దాటి అడవిలోకి పోతే వాళ్ల ఊరు. అప్పట్లో అక్కడ పగలు కరెంటే ఉండేది కాదు, ఇక టీవీ మాటెక్కడిది! ఒకసారి మా ఇంటికొచ్చి వారం రోజులుండి ఆ సీరియల్‌కు అలవాటు పడిపోయింది. పోయేరోజు బస్సెక్కుతూ, "కోడలు బతికిందో సచ్చిందో నాకెట్ల తెలుస్తదే?" అని నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. అమ్మ ఆ మర్నాడే స్టూలు వేసింది.

బొమ్మ లేని సీరియల్ ఎవరికి అర్థమవుతుంది? అందుకని బొమ్మ అంతా అమ్మే నోటితో చెప్పేది. "అక్కా, ఇప్పుడు ఎవ్వలు మాట్లాడుతలేరు గదా, అత్త తలుపు సాటున నిలబడ్డది. అంతా ఇన్నది, ముదనష్టపుది. మొహం ఆముదం తాగినట్టు పెట్టింది. ఆగు, ఆగు, కొడుకొచ్చిండు. గీడొచ్చి ఏం జేస్తడు, గుంజకు ఆనుకొని నిలబడ్డడు సన్నాసి!" మధ్యలో కుక్కర్ కూతలు, షిఫ్టు సైరన్, ప్రకటనలప్పుడు మా ఇంటి సంగతులు. వారానికోసారి పెద్దనాన్న అంగడికి వచ్చినప్పుడు నిండిన కాసెట్లు తీసుకుపోయి, విన్నవి తెచ్చిచ్చేవాడు. అమ్మ వాటి మీదే మళ్లీ రికార్డు చేసేది. పెద్దమ్మకు బాగా నచ్చినవి మాత్రం తిరిగొచ్చేవి కాదు. అలా ఒక డజను దాకా ఆమె దగ్గరే ఉండిపోయాయి.

అక్కడ ఆ కాసెట్లను వాడంతా వినేది. బీడీలు చుట్టే తునికాకు కట్టలు కడుతూ ఆడవాళ్లంతా పెద్దమ్మ అరుగు మీద చేరేవాళ్లు. టేప్‌రికార్డర్‌లో బ్యాటరీ సెల్లులు నీరసపడితే తీసి ఎండలో పెట్టి, మళ్లీ వేసుకుని వినేవాళ్లు. ఎన్నో ఏళ్లకు ఆ ఊళ్లోకి టీవీ వచ్చి, ఆ హీరోయిన్ వేరే ఏదో సీరియల్‌లో కనపడితే ఒకామె, "గీమెనా? మీ చెల్లె చెప్పిన పిల్ల గింత లావు లేదు గదా!" అని మొహం తిప్పేసుకుందట. ఈ మాట చెప్పి అమ్మ పగలబడి నవ్వేది. నేను నవ్వేదాన్ని కాదు.

నాకు ఆ తతంగమంతా సిగ్గు. పదో తరగతిలో ఉండగా ఒకరోజు స్నేహితురాళ్లు ఇంటికొచ్చారు. అమ్మ టీవీ ముందు కూర్చుని చేతులు తిప్పుతూ గట్టిగా చెబుతోంది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "మీ అమ్మ టీవీతోని మాట్లాడుతదానే?" అని కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు పోయాక, "నోరు మూసుకుని చూడటం చేతకాదా నీకు?" అని అమ్మ మీద అరిచాను. ఆ తర్వాత నేను ఇంట్లో ఉన్న రోజుల్లో అమ్మ గొంతు తగ్గించి, రికార్డర్ దగ్గరికి వంగి గుసగుసగా చెప్పేది. నాకు కావలసిందీ అదే కాబట్టి, హమ్మయ్య అనుకున్నాను.

అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఫొటోలున్నాయి. గొంతే లేదు. ఆమె ఫోన్ చేస్తే రెండు ముక్కల్లో పెట్టేసే నేను ఇక రికార్డేం చేసుకుంటాను? పోయిన ఎండాకాలం పెద్దమ్మ నుంచి ఫోన్ వచ్చింది. "బిడ్డా, నా టేప్‌రికార్డర్ ఖరాబైంది. ఈడ ఎవ్వలు బాగుజేస్తలేరు. మా చెల్లె గొంతు ఇనక రెండు నెలలాయె. జర ఏదన్న జెయ్యే."

నేను తెలివైనదాన్ని కదా, ముందు నెట్‌లో వెతికాను. అబ్బ, ఆ దరిద్రం చెప్పనలవి కాదు. ఛానల్ వాళ్ల యాప్‌లో మొదటి సగం లేనే లేదు. మిగిలిన చోట్ల ఎవరెవరో పెట్టినవి ఉన్నాయి. దొరక్కుండా ఉండటానికి బొమ్మను కుడిఎడమలు తిప్పేశారు, ఆడవాళ్లందరి పైటా కుడి భుజం మీదికి వచ్చింది. గొంతులు ఎలుకపిల్లలు కీచుమన్నట్టు మార్చారు. చుట్టూ మెరిసే పూలచట్రం, సరిగ్గా ఏడ్చే మనిషి మూతి మీద గంట బొమ్మ ఎగురుతూ సబ్‌స్క్రైబ్ చేయమంటుంది. అయినా నాలుగు ఎపిసోడ్లు దింపుకుని పోయి పెద్దమ్మకు చూపించాను. ఆమె అర నిమిషం చూసి ఫోన్ నా ఒళ్లో పెట్టేసింది. "గీ సీరియల్ ఎవలిక్కావాలె? నా కాసెట్లు ఇనాలె నేను" అని బిస్కెట్ డబ్బా తెచ్చి, అందులోని కాసెట్లన్నీ నా సంచిలో పోసింది. ఒక్కో దాని మీదా అమ్మ రాసిన అట్ట. 'కోడలు మెట్ల మీద పడ్డది.' 'అత్త ఏడ్చింది (నాటకం).'

ఖమ్మంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే షాపు ఒకటుంది, పాత కాసెట్లను కూడా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తారు. అక్కడికి తీసుకుపోయాను. కౌంటర్ దగ్గర ఇంకో ఇద్దరున్నారు. నేను ఖమ్మంలో పిల్లలకు తెలుగు పాఠం చెప్పే టీచర్ని, నలుగురు గుర్తుపడతారు. "మా పెద్దమ్మకు ఈ చెత్త సీరియళ్ల పిచ్చండీ. డైలాగులు నీట్‌గా వినపడితే చాలు" అని నవ్వేసి వచ్చాను. అమ్మ మాట ఎత్తలేదు.

వారం తర్వాత షాపతను ఫోన్ చేశాడు. నేను పదో తరగతి పేపర్లు దిద్దే చోట ఉన్నాను. పెద్ద హాలు, చుట్టూ టీచర్లు. "మేడం, ఈ కాసెట్లల్ల మధ్యల మధ్యల ఎవరో ఆమె లొడలొడ మాట్లాడుతున్నది. ఎవరామె?" అని ఫోన్ బయటికి వినపడేంత గట్టిగా అడిగాడు. పక్క బల్ల మీది మాస్టారు తలెత్తి చూశాడు. నేను ఫోన్ చెవికి అదుముకుని, "ఎవరో పక్కింటామె అయి ఉంటుందండీ" అన్నాను. అనేశాను! ఎవరూ నా గొంతు పట్టుకోలేదు, ఎవరూ బెదిరించలేదు. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇవాళ్టికీ నా మొహం మీద నాకే ఉమ్మాలనిపిస్తుంది.

పెన్‌డ్రైవ్ తెచ్చుకోవడానికి పోతే అతను చాలా సంబరంగా హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టాడు. పిడుగుల మోత, వీణ, అత్త, కోడలు. అద్దంలా ఉంది. కుక్కర్ లేదు. సైరన్ లేదు. అమ్మ లేదు.

"నెట్ల మంచి ఆడియో దొరికిన కాడ అదే పెట్టిన మేడం. దొరకని కాడ సాఫ్ట్‌వేర్‌తోని ఆ డిస్టర్బెన్స్ మొత్తం తీసేసిన. మస్తు టైం పట్టింది."

"కాసెట్లేవీ?"

"అరిగి పెళుసైపోయినయ్ మేడం. ఒక్కసారి తిరగంగనే రీళ్లు తెగినయ్, పడేసిన. అట్టలు మంచిగున్నయని ఉంచిన."

"మొదట ఎక్కించింది ఉంటుంది కదా? బాగుచేయకముందుది?"

"క్లీన్ చేసినంక అదెందుకని డిలీట్ కొట్టిన." నా మొహం చూసి అతనికి భయమేసినట్టుంది. "మీరే గదా మేడం, పక్కింటామె అన్నరు."

అతన్ని తిట్టడానికీ లేదు. అతను చేసిన పాపమేముంది, నేను చెప్పిందే చేశాడు. అట్టలు తీసుకుని బయటికొచ్చాను.

ఆ ఆదివారం పెద్దమ్మ దగ్గరికి పోయాను. కొత్త స్పీకర్ ఒకటి కొనుక్కుపోయాను, సిగ్గులేకుండా. ఆమె కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని వింది. వాద్యాల మోత మోగి ఆగింది. ఎవరూ మాట్లాడని చోటు వచ్చింది. పెద్దమ్మ కళ్లు తెరవకుండానే, "ఇప్పుడెవ్వలొచ్చిండ్రు?" అంది. ఆ మాటకు జవాబివ్వాల్సిన గొంతు రాలేదు. పెద్దమ్మ కళ్లు తెరిచింది.

"మా చెల్లె ఏదే?"

చెప్పాను. రీళ్లు తెగినదీ, గొంతు తీసేసినదీ. అక్కడితో ఆపుదామనుకున్నాను కానీ ఆమె ఆపనివ్వలేదు.

"గా షాపోడు అడుగలేదా, గీమె ఎవ్వలని?"

"అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

నేను తల వంచుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, చెంప మీద కొట్టినా బాగుండేది. పెద్దమ్మ స్పీకర్‌ను కాలితో అవతలికి జరిపింది. "నువ్వు ఇంట్ల ఉన్న దినాలు నాకు ఎరికయ్యేది" అంది. "గా కాసెట్లల్ల దాని గొంతు సన్నగుండేది. బిడ్డ సదువుకుంటుందేమో అనుకునేదాన్ని."

లోపలికి పోయి, మడతపెట్టిన చీరల కింద నుంచి ఒక కాసెట్ తీసుకొచ్చింది. నాకు ఇవ్వకుండా దాచుకున్నది! అట్ట లేదు, ఒక మూల పగిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇటివ్వు పెద్దమ్మా, ఈసారి నేనే పక్కన కూర్చుని ఎక్కిస్తా, హైదరాబాద్ తీసుకుపోతా" అని చేయి చాపాను.

ఆమె కాసెట్‌ను కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ఇయ్య. ఇది నువ్వు బడికి పోయిన నాటిది. దీంట్ల మీ అమ్మ గట్టిగ మాట్లాడుతది."