పాప రెండో జత కళ్ళద్దాలు

బడిలో టీచరుకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి ఇది. మా అక్క కూతురికి నేను రెండో జత కళ్ళద్దాలు చేయించాను. అవి ఇంటికి రావు. పొద్దున పాప బడికి వెళ్ళగానే టీచరు పెడుతుంది, సాయంత్రం తీసి తన బల్ల సొరుగులో దాస్తుంది. పాప కూడా ఇంట్లో ఎప్పుడూ నోరు జారలేదు.

ఇంత దొంగచాటు వ్యవహారం మా అమ్మ వల్ల.

అక్క శ్రీసిటీలో ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళ్తుంది కాబట్టి పాప శ్రీకాళహస్తిలో మా దగ్గరే ఉంటుంది. ఒకసారి జ్వరం వచ్చి తగ్గింది. మర్నాడు పాలగ్లాసు పక్కన గాలిలో చెయ్యి చాపి, "ఇద్దరు పిన్నమ్మలు ఉండారు" అని నవ్వింది. చూస్తే ఎడమకన్ను ముక్కువైపు తిరిగిపోయి ఉంది. ముందురోజు వరకు చక్కగా ఉన్న కన్ను.

పక్కింటామె మెల్లకన్ను అదృష్టమంది. అంత అదృష్టం ఆమె మనవరాలికి ఎందుకు పట్టలేదో అడగాలనిపించింది. ఎదురింటామె ఫోన్ చూసి చూసి ఇట్లా అయిందంది. పాప చేతికి ఫోన్ ఇచ్చేదే ఆమె. వాళ్ళకు చెప్పాల్సిన జవాబులన్నీ రాత్రి డైరీలో రాసుకున్నాను. అమ్మ మాత్రం కొండకు పాప తలనీలాలు మొక్కేసింది.

అక్కా నేనూ పాపను తిరుపతిలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాము. ఆమె చుక్కలు వేసి, కంటి వెనక నరం కూడా చూసి, తలలో ఏ ఇబ్బందీ లేదని తేల్చుకున్నాక చెప్పింది. పాపకు ప్లస్ పవర్ ఎక్కువగా ఉంది, స్పష్టంగా చూడాలని కష్టపడినప్పుడల్లా కన్ను లోపలికి లాగుతుంది, ఆ కష్టం అద్దాలు మోస్తాయి. నిద్రపోయేటప్పుడు తప్ప తీయకూడదు. ఆలస్యం చేస్తే రెండు కళ్ళూ కలిసి చూడడం మరిచిపోతాయి.

అద్దాలు పెట్టిన కొద్దిరోజులకే కన్ను సరిగ్గా నిలబడింది. గుండు చేయించాక జారిపోతుంటే దారం కట్టాను. ఇక గొడవ లేదనుకున్నాను.

అమ్మ ఒకరోజు అద్దాలు తీసి చూసింది. కన్ను లోపలికి పోయింది. పెట్టింది, సరిగ్గా వచ్చింది. అంతే, అద్దాలే కంటికి అలవాటు చేసి చెడగొడుతున్నాయని తేల్చేసింది. ఇంటికి ఎవరొచ్చినా పాపను పిలిచి, తీసి, పెట్టి చూపించేది. చివరికి అద్దాలు బీరువాలో పెట్టి తాళం వేసింది. ఎంత చెప్పినా వినలేదు. ఫోన్లో అక్క ఏడ్చినా వినలేదు. అప్పుడే నేను డాక్టరు చీటీ తీసుకుని తిరుపతి బస్సెక్కాను.

మళ్ళీ చూపించుకోవాల్సిన రోజున అమ్మ కూడా వస్తానంది. బీరువాలోని అద్దాలు సంచిలో వేసుకుంది, డాక్టరమ్మ ముందు పెట్టి అడగడానికి.

డాక్టరు అవే పాపకు పెట్టి, వాటి మీద త్రీడీ సినిమాకు ఇచ్చేలాంటి ఇంకో రకం అద్దాలు పెట్టి, పెద్ద ఈగ బొమ్మ ఉన్న పుస్తకం చూపించి రెక్క పట్టుకోమంది. పాప పుస్తకానికి పైన, గాలిలో వేళ్ళు కలిపింది. అమ్మ నాకేసి చూసి, "దీనికి సూపే లేదే" అంది. డాక్టరు నవ్వి, ఆ రెండో రకం అద్దాలు అమ్మకే పెట్టి పట్టుకోమంది. అమ్మ వేళ్ళు కూడా గాలిలోనే కలిశాయి. రెండు కళ్ళూ కలిసి చూసేవాళ్ళకే రెక్క పైకి లేచి కనిపిస్తుందట. తర్వాత పాప పవర్ అద్దాలు తీసేసి, ఆ రెండో రకం ఒక్కటే పెట్టి మళ్ళీ చూపించింది. ఈసారి పాప వేలు కాగితానికే ఆనింది.

పాప అద్దాలు బాగా వాడుతున్నట్టుంది, అట్లాగే కానివ్వమంది డాక్టరు. బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో తెలిసిన అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నేను నేలకేసి చూశాను.

బస్సులో కూర్చున్నాక అమ్మ సంచిలోంచి అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, తనే పాపకు పెట్టి దారం సరిచేసింది. అమ్మయ్య అనుకునేలోపే నావైపు తిరిగింది.

"పెట్టుకోనీలే. ఫోటో తీసేటప్పుడు మాత్రం తీసేయమను, ఆడపిల్ల కదా."