ముక్కులో కుడికాలువ

సాగర్ కుడికాలువకైనా నీళ్లు ఆపేసే రోజులుంటాయి. నా కుడి ముక్కుకు ఉండేవి కావు. ఆ ఏడాది నా మీసాల్లో రెండు పంటల వరి పండించుకోవచ్చు, ఆయకట్టు అంత తడిగా ఉండేది.

ఇంకో పనిలో ఉన్నవాణ్ణయితే తుడుచుకుని ఊరుకునేవాణ్ణి. నాది మిరపకాయలు కొనే వ్యాపారం. సత్తెనపల్లి చుట్టుపక్కల కళ్లాలకు వెళ్లి, ఎండబోసిన కాయల మీదికి వంగి, ఒక కాయ విరిచి వాసన చూసి ధర చెబుతాను. వంగానంటే చాలు, టప్పున చుక్క కాయల మీద పడేది.

ఒక కళ్లంలో పెద్ద రైతు అది చూశాడు.

"ఏమండీ, మేం నీళ్లు చల్లితే తేమంటూ తరుగు తీస్తారు. మరి మీరు చల్లితే?"

కాయలు ఏరుతున్న ఆడవాళ్లంతా నవ్వారు. "పోనీలెండి, ఘాటుకేలే" అని ఆయనే సర్దిచెప్పాడు గానీ, ఆ నవ్వు నా బండి కంటే ముందు పక్క ఊరు చేరింది. నేను వెళ్లేసరికి అక్కడ మిట్టమధ్యాహ్నం ఎండలో కాయల మీద టార్పాలిన్ పట్టా కప్పేసి ఉంది. ఇలా ఇంకో పంటకాలం గడిస్తే నాకు కాయ చూపించేవాడే ఉండడు.

మా ఊరి డాక్టరు గారు నేను చేసే పనేమిటో అడిగారు. ముక్కు సంగతి అడగలేదు.

"మిరప ఘాటండీ. అలర్జీ."

"కుడి పక్కనే కారుతోందండీ."

"ఘాటుకు కుడీ ఎడమా ఏమిటండీ?"

ఆయన మాత్రలకు నేను నిద్రపోయాను, ముక్కు మేలుకునే ఉంది. పొద్దున్నే దిండు పిండితే బిందె నిండేది. చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులో పనిచేసే మా బావ, "ఏరా, ఇది దూది నుసి" అని తేల్చి తన డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. ఆయనా దూదే అన్నాడు. దాచేపల్లిలో పెళ్లికి వెళితే అక్కడి డాక్టరు సిమెంటు దుమ్మన్నాడు. ఏ ఊరికి పోతే ఆ ఊరి దుమ్ము నా ముక్కు మీద పట్టా రాయించుకునేది. కుడి పక్కనే అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. వాళ్లు ముక్కులో కొట్టుకునే మందు రాస్తూనే ఉన్నారు. సీసాలన్నీ పేరిస్తే ఇంటికి ప్రహరీ లేచేది.

ఆఖరికి మా ఆవిడ గుంటూరు తీసుకెళ్లింది. చెవి, ముక్కు, గొంతు చూసే ఆ డాక్టరమ్మ తల ఎత్తకుండానే, "ఎటు పక్కండీ?" అంది.

ఇన్నాళ్లకు ఆ మాట అడిగినవాళ్లు దొరికారని నేను ఆమెకు దండం పెట్టాను. మా ఆవిడే, "కుడి పక్కమ్మా" అంది.

"వంగితే ఎక్కువవుతుందా? ఉప్పగా ఉంటుందా? ఈ మధ్య తలకేమైనా దెబ్బ తగిలిందా?"

తగిలింది. పత్తి లారీ వెనక బండి జారి పడితే నుదుటికి కుట్లు పడ్డాయి. కుట్లు మానాయి, ఆ సంగతే మరిచిపోయాను. ఒక్క డాక్టరూ అడగలేదు. ముక్కుకు తగల్లేదు కదా అని నేనూ చెప్పలేదు.

నన్ను వంగోబెట్టి చుక్కలు సీసాలో పట్టించి పరీక్షకు పంపింది, స్కాను తీయించింది. అన్నీ వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది జలుబు కాదు, అలర్జీ కాదు. మెదడు చుట్టూ ఉండే నీరండీ. ఆ దెబ్బకు పుర్రె అడుగున సన్నగా పగిలింది. ఆ దారిన క్రిములు పైకెక్కితే ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషన్ చేసి మూయాలి."

"మెదడు నీళ్లా?" అంది మా ఆవిడ నాకేసి చూస్తూ. "ఇన్నాళ్లు కారడానికి అంత సరుకెక్కడ దాచారండీ?"

అలా అంటూనే నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆస్పత్రి మెట్లు దిగేదాకా వదల్లేదు.

ముక్కులోంచే ఆపరేషన్ చేసి పగులు మూశారు. వంగొద్దు, ముక్కు చీదొద్దు, బరువులెత్తొద్దు అన్నారు. ఆ పంటంతా ఇంట్లో నిటారుగా, దిష్టిబొమ్మలా గడిపాను. డాక్టరమ్మ సరేనన్నాక, మళ్లీ మిరప కోతలకు అదే కళ్లానికి వెళ్లాను. కాయల మీదికి వంగాను. చుక్క పడలేదు. ఇంకా వంగాను. పడలేదు. గర్వంగా కాయ విరిచి వాసన పీల్చాను. మాంచి ఘాటు కాయ. అమరావతి దాకా వినిపించేట్టు తుమ్మాను.

"చూశారా, నేను అప్పుడే ఘాటన్నాను" అన్నాడు పెద్ద రైతు. అని కాయల మీదికి పట్టా లాగడం మొదలెట్టాడు.

పుర్రె, పగులు, నీరు అంతా విప్పి చెప్పాను. ఆయన తలూపుతూ లాగుతూనే ఉన్నాడు. ఇక లాభం లేదని పట్టా రెండో అంచు పట్టుకుని, ధర తెగేదాకా వదల్లేదు.