తన పాడె తానే మోసినాయన

చిన్నప్పుడు తెనాలిలో సినిమాకి వెళ్తే మా అక్కా నేనూ హీరోని పెద్దగా పట్టించుకునేవాళ్ళం కాదు. విలన్ వెనక చేతులు కట్టుకుని నిలబడే రౌడీల మీదే మా కళ్ళన్నీ. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు కాబట్టి మేమే పెట్టుకున్నాం: బండమెడ, పల్చమీసం, లుంగీ మామయ్య. "అక్కా, పల్చమీసం మొన్న సినిమాలో చచ్చాడుగా, మళ్ళీ వచ్చాడు చూడవే!" అని నేను కేకేస్తే ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి కసురుకునేవాళ్ళు. వేషం మార్చినా వాళ్ళని పట్టుకోవడానికి అక్క దగ్గర ఒక సూత్రం ఉండేది. "మీసం తీసేస్తారు, విగ్గు పెడతారు. కానీ ఒంటికి పట్టిన అలవాటు ఎక్కడికి పోతుందే?" అనేది. ఈ తెలివేదో లెక్కల్లో చూపించమని మా అమ్మ తిట్టేది.

ఆ తెలివి చాలా ఏళ్ళ తరవాత టెక్సాస్‌లో పనికొచ్చింది.

2008లో కాపెల్ అనే ఊరికి వచ్చాను. ఊళ్ళో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పిన దాన్ని, ఇక్కడ డిపెండెంట్ వీసా మీద కాలు కదపకుండా కూర్చోవాల్సి వచ్చింది. మా ఆయనకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పక్కవాళ్ళు చేసిన తప్పులు పట్టుకుంటే జీతం ఇస్తారు. ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఇల్లు మింగేసేలా ఉండేది. నడిచి వెళ్ళగలిగిన చోటు ఒక్క లైబ్రరీయే. అక్కడ కౌబాయ్ సినిమాల డీవీడీలు ఒక అర నిండా ఉండేవి. వాటిల్లో సగం ఒకే హీరోవి. పొడుగ్గా ఉంటాడు, మాట పొదుపు. కొంత పేరొచ్చాక సొంత కంపెనీ పెట్టుకుని తన సినిమాలు తనే తీసుకున్నాడట.

మూడో సినిమాకి నా పాత బుద్ధి లేచి కూర్చుంది. ఏ ఊళ్ళో కథ జరిగినా సారాకొట్టు యజమాని ఒక్కడే. జడ్జి ఒక్కడే, కాకపోతే ఒక సినిమాలో చర్చి ఫాదర్‌గా వచ్చాడు. గుర్రం కూడా అదే, నుదుటి మీద తెల్ల మచ్చ. చివర్లో పేర్లు పడేటప్పుడు ఆపి చూస్తే కెమెరా ఆయనా, మేకప్ ఆయనా, బట్టలు కుట్టినావిడా కూడా మారలేదు. నేను ఒక నోట్‌బుక్ కొని పేర్లు పెట్టడం మొదలెట్టాను: బీరకాయ ముక్కు, సోడాబుడ్డి, ఏడుపుగొట్టు పెద్దమ్మ. నవ్వకండి, నిజం చెప్తున్నాను. ఆ కొత్త ఊళ్ళో నాకు తెలిసిన మొహాలు మొదట అవే. వాళ్ళు కనపడగానే ప్రాణం లేచొచ్చేది.

"పొద్దుందాక ఆ గుర్రాల సినిమాలేంది నీకు?" అనేవాడు మా ఆయన. ఆయనది వరంగల్. "ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవా, తుపాకీ కాల్చుడు నేర్చుకుంటున్నవా?"

"రెండూనండీ. మీరు లేటుగా వచ్చిన రోజు ఏది పనికొస్తే అది వాడతాను" అన్నాను.

పక్కింట్లో ఒక ముసలి అమెరికన్ దంపతులు ఉండేవాళ్ళు. ఆయనకి ఎనభై దగ్గర, పీలగొంతు, తల మీద ఎప్పుడూ ఒక అరిగిపోయిన టోపీ. ప్రతి మంగళవారం పొద్దున పాత పేపర్ల డబ్బా రోడ్డు పక్కన పెట్టేవాడు. ఒక మంగళవారం నేను డీవీడీలు తిరిగి ఇవ్వడానికి బయల్దేరితే పైనున్న అట్ట చూసి ఆగాడు.

"ఇందులో నేను చచ్చాను" అన్నాడు.

లైబ్రరీ సంగతి మరిచిపోయి అక్కడే నిలబడి అడిగాను. ఆయన పదకొండేళ్ళు ఆ హీరో కంపెనీలో పనిచేశాడట. గుర్రాలకి మేతేయడం, గుర్రం మీంచి పడటం, మేడ మీంచి పడటం, మిగతా టైములో శవంలా పడుకోవడం. అడగ్గా అడగ్గా ఇంకా చెప్పాడు. హీరోకి కొత్త మొహాలంటే బెరుకు. కొత్తవాళ్ళ ముందు నటించాలి, మీ ముందయితే మాట్లాడితే చాలు అనేవాడట. ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఆ కంపెనీలో చచ్చినవాణ్ణి ఇంటికి పంపేవాళ్ళు కాదు. మొదటి రోజే తూటా తగిలి పోయినా, షూటింగ్ అయిందాకా అన్నం పెట్టి, టోపీ మార్చి, గడ్డం గీయించి, గుంపులో ఎక్కడో ఒకచోట నిలబెట్టేవాళ్ళు.

"అలాగే ఒకసారి శవపెట్టె మోయడానికి మనిషి తక్కువయ్యాడు. నన్ను పిలిచారు. తీరా చూస్తే అది నా శవపెట్టే. నన్ను నేనే మోసుకెళ్ళి పూడ్చాను" అన్నాడు.

"మళ్ళీ మొదలెట్టాడు!" అని వరండాలోంచి ఆయన భార్య అరిచింది. ఆవిడ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "అమ్మాయ్, ఈయన దగ్గర రెండు కథలున్నాయి. ఒకటి ఈ శవపెట్టె. రెండోది, నేను బస్టాండులో కాఫీ పోసే రోజుల్లో నా కోసమే మూడు బస్సులు కావాలని వదిలేసుకున్నానంటాడు. బస్సు చెడిపోయింది, అంతే. తన శవాన్ని తనే మోశానన్నవాడి మాట ఎవరు నమ్ముతారు?"

పెద్దాయన నవ్వాడు. ఆ సినిమా పేరు అడిగితే గుర్తులేదన్నాడు. వాళ్ళకి సినిమాలకి పేర్లుండేవి కావట. వానల సినిమా, చిక్కుళ్ళ సినిమా, వంటవాడు అలిగిన సినిమా, అంతే. ఇది చిక్కుళ్ళ సినిమా. షూటింగ్ అయ్యేదాకా మూడు పూటలా చిక్కుళ్ళే పెట్టారట. ఆనాటి ఫొటోలన్నీ ఇంట్లోకి నీళ్ళొచ్చి పోయాయి. ఇక చివర్లో పడే పేర్లలో, డైలాగ్ ఉన్నవాడికే చోటు. ఈయన గొంతు విని హీరో, "నువ్వు నోరు తెరిస్తే నా సినిమా కామెడీ అయిపోతుంది నాయనా" అన్నాడట. అందుకని ఎక్కడా పేరు లేదు.

మరుసటి వసంతంలో లైబ్రరీవాళ్ళు శనివారాలు కౌబాయ్ సినిమాలు వేస్తామని బోర్డు పెట్టారు. ఆఖరి శనివారం ఆ హీరో సినిమా. అప్పట్లో పనిచేసినవాళ్ళెవరైనా ఈ చుట్టుపక్కల ఉంటే వేదిక మీద కూర్చోబెట్టి మాట్లాడిస్తారట. నేనే పరిగెత్తుకెళ్ళి పక్కింటి పెద్దాయన సంగతి చెప్పాను. ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్ళాడు. ఆ కార్యక్రమం చూసుకునే రిటైర్డ్ పెద్దమనిషి చాలా మర్యాదస్తుడు. పుస్తకాలు వెతికాడు, కంప్యూటర్లో వెతికాడు, ఎక్కడా పేరు దొరకలేదు. "క్షమించండి, ఇలా చెప్పుకునేవాళ్ళు చాలామంది వస్తుంటారు" అన్నాడు.

ఆ మాట నా ముందే అన్నాడు. పెద్దాయన "ఫరవాలేదు" అని బయటికొచ్చేశాడు. ఆ తరవాతి మంగళవారం డబ్బా పెట్టడానికి వచ్చినప్పుడు తల మీద టోపీ లేదు. ఆ బోడి తల చూస్తే నాకు ఏడుపొచ్చింది. పిలవని పేరంటానికి తీసుకెళ్ళి అవమానం చేయించింది నేనే కదా!

ఆ మధ్యాహ్నం ఆయన భార్య మా తలుపు కొట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నలభై ఏళ్ళుగా ఆయన్ని చూసి నవ్వుతున్నాను. ఆ హక్కు నాది. పరాయివాళ్ళకి లేదు. నీకు సినిమాలు చూసే కన్ను ఉందిగా, ఆ శవపెట్టె ఎక్కడుందో వెతుకు" అంది.

ఆఖరి శనివారానికి పద్దెనిమిది రోజులుంది. లైబ్రరీలో ఉన్నవన్నీ మళ్ళీ తెచ్చాను. లేనివి పక్క ఊళ్ళ లైబ్రరీల నుంచి తెప్పించారు. పప్పు పొయ్యి మీద పెట్టి సినిమా, బట్టలు మడతపెడుతూ సినిమా. చిక్కేమిటంటే కుర్రతనంలో ఆయన ఎలా ఉండేవాడో నాకు తెలియదు. ఆయన్నే అడుగుదామంటే ఇప్పుడు ఆ సినిమాల మాటే ఎత్తనివ్వడం లేదు. ఎనభై ఏళ్ళ మొహంలోంచి ముప్ఫై ఏళ్ళ మొహాన్ని ఊహించడం నా వల్ల కాలేదు. అంత్యక్రియలు ఉన్న సినిమాలే తొమ్మిది తేలాయి. ఆ హీరో మనుషుల్ని చంపడంలో పిసినారి కాదు.

"దొరికిండా మీ ముసలాయన?" అని ఇంటికి రాగానే అడగడం మా ఆయనకి అలవాటైంది. మొదట వెక్కిరింతగా అడిగేవాడు, వారం తిరిగేసరికి నిజంగానే అడుగుతున్నాడు. శనాదివారాలు పక్కన కూర్చుని తనూ చూశాడు.

ఆఖరి వారం, బుధవారం పొద్దున. సినిమాలో ఎండ మండిపోతోంది, నలుగురు శవపెట్టె దగ్గరికి వచ్చారు. ముగ్గురు వంగి పట్టుకున్నారు. నాలుగోవాడు, గడ్డం లేని కుర్రాడు, ఒక్క క్షణం ఆగాడు. రెండు అరచేతులూ చొక్కా ముందు భాగానికి రెండుసార్లు తుడుచుకున్నాడు. అప్పుడు వంగి ఎత్తాడు.

నా చేతిలో గరిటె కింద పడింది. ఏడాది నుంచీ ప్రతి మంగళవారం నేను కిటికీలోంచి చూస్తున్నది అదే. పేపర్ల డబ్బా ఎత్తేముందు పెద్దాయన సరిగ్గా అలాగే తుడుచుకుంటాడు. వెనక్కి తిప్పి మొదట్నుంచీ చూశాను. పన్నెండో నిమిషంలో నూతి దగ్గర గుబురుగడ్డం వాడొకడు తుపాకీ తీయబోతూ అరచేతులు చొక్కాకి రెండుసార్లు తుడుచుకున్నాడు. ఆ ఆలస్యానికే హీరో కాల్చేశాడు, తరవాత వచ్చే శవపెట్టె వాడిదే. అక్కా, నువ్వు చెప్పింది నిజమే! ఒంటికి పట్టిన అలవాటు ఎక్కడికీ పోలేదు.

మా ఆయన ఆఫీసు నుంచి రాగానే రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూపించాను.

"గీ బావి కాడ సచ్చినోడే గా పెట్టె మోస్తుండు!" అని ఆయన సోఫాలోంచి లేచాడు. "ఇంత పెద్ద డిఫెక్ట్ రిలీజ్‌ల పోయిందా? ఎవడూ చూడలేదా?"

"చూడలేదు కాబట్టే మనకి దొరికిందండీ" అన్నాను.

"సరే, ఆ లైబ్రరీ సార్ నమ్మాలె కదా. సిన్మాల ఉన్నది పక్కింటాయననే అని ఏం గ్యారంటీ? ప్రూఫ్ చూపియ్యాలె."

ఆ విషయంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. లైబ్రరీ పెద్దమనిషికి ఫోన్ చేసి బతిమాలితే గురువారం వస్తానన్నాడు. గురువారం పనికిరాదు, డబ్బా పెట్టేది మంగళవారం కదా! అప్పుడు ఆవిడ రంగంలోకి దిగింది. భర్తకి ఏం చెప్పిందో ఏమో, గురువారం పొద్దున తొమ్మిదింటికి మా వంటింటి కిటికీ ఎదురుగా పెద్దాయన గొణుక్కుంటూ గరాజ్‌లోంచి వచ్చాడు. లోపల లైబ్రరీ పెద్దమనిషి అప్పుడే లాప్‌టాప్‌లో ఆ రెండు ముక్కలూ చూసి, నా ఫిల్టర్ కాఫీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు. బయట పెద్దాయన డబ్బా ముందు ఆగాడు. రెండు అరచేతులూ చొక్కాకి రెండుసార్లు తుడుచుకుని వంగాడు.

ఆ పెద్దమనిషి కాఫీ తాగకుండానే కప్పు కింద పెట్టాడు. "ఆయనకి నేను క్షమాపణ చెప్పాలి" అన్నాడు. ఇప్పుడే కాదు, శనివారం అందరి ముందూ చెప్పండి అన్నాను. నాకు కోపం పూర్తిగా పోలేదు లెండి.

ఆవిడకి మాత్రం ఆ మధ్యాహ్నమే చూపించాను. మొదటిసారి చూడగానే "మళ్ళీ వెయ్యి" అంది. మూడుసార్లు చూసింది. తెర దగ్గరికి వెళ్ళి ఆ కుర్రాడి మొహం మీద వేలు పెట్టింది.

"నిజమే చెప్పాడన్నమాట" అంది. చూడటం అయిపోయినా తెర దగ్గర్నుంచి కదల్లేదు.

శనివారం భార్య బలవంతం మీద పెద్దాయన వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. టోపీ ఆవిడ ఒళ్ళో ఉంది. అనుకున్న సినిమా మార్చి చిక్కుళ్ళ సినిమా వేశారు. నూతి దగ్గర గడ్డంవాడు చచ్చినప్పుడు పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. శవపెట్టె రాగానే మా ఆయన సినిమా ఆపాడు, కేబుళ్ళూ బటన్లూ ఆయన పనే. లైబ్రరీ పెద్దమనిషి మైకు తీసుకుని జరిగిందంతా చెప్పి, తన మాటకి క్షమించమన్నాడు. ఆ రెండు ముక్కలూ మళ్ళీ వేశారు. హాలు హాలంతా పడీపడీ నవ్వి, లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను నవ్వుతూనే ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

ఆవిడ టోపీ ఆయన తల మీద పెట్టింది. వేదిక మీదికి పిలిచి రెండు మాటలు చెప్పమంటే ఆయన ఆ పీలగొంతుతో, "మా బాస్ నన్ను మాట్లాడొద్దన్నాడు" అని కూర్చున్నాడు. ఆ ఒక్క డైలాగ్‌కి మళ్ళీ చప్పట్లు.

అందరూ వెళ్ళిపోయాక మా ఆయన కేబుళ్ళు చుడుతున్నాడు, నేను కుర్చీలు సర్దుతున్నాను. వాళ్ళిద్దరూ వేదిక మెట్ల దగ్గర నిలబడ్డారు. ఆవిడ ఆయన మొహంలోకి చూడకుండా, టోపీ అంచు సరిచేస్తూ అడిగింది.

"ఆ మూడు బస్సులు. అది కూడా నిజమేనా?"

ఆయన రెండు అరచేతులూ చొక్కాకి రెండుసార్లు తుడుచుకుని, ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.