కడాన వచ్చే గుంపు

జమ్మలమడుగు బస్టాండులో బస్సెక్కాక కండక్టరు నా కాళ్ల వైపు చూసి, "ఏందమ్మా, చెప్పు కిందనే ఇడ్సిపెట్టినావు" అన్నాడు. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. అది ఎప్పుడు జారిందో నాకు తెలియలేదు. దిగి తొడుక్కోబోతే వేళ్లు పట్టు చిక్కించుకోలేకపోయాయి.

అక్కడి హైస్కూల్లో నేను తెలుగు చెబుతాను. ఇల్లు ప్రొద్దుటూరులో. అంతకు కొద్ది రోజుల ముందు విరేచనాలై తగ్గాయి కాబట్టి నీరసమనుకున్నాను. మర్నాడు మెట్ల మీద మోకాళ్లు వంగిపోయాయి. సాయంత్రానికి నీళ్ల గ్లాసు ఎత్తలేకపోయాను.

మా ఆడబిడ్డ సుజాత పక్క వీధిలోనే ఉంటుంది. ఆమె అన్న, అంటే మావారు, అంతకుముందు ఏడాదే గుండెపోటుతో పోయారు. మా ఇద్దరికీ ఆ బాధ ఇంకా పచ్చిగానే ఉంది. ఆమే నన్ను కడప ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ల మీద తట్టి చూశాడు. కాళ్లు కదలలేదు. "రిఫ్లెక్సెస్ లేవు. జీబీఎస్, అంటే గులియన్ బారే సిండ్రోమ్ లాగుంది" అన్నాడు. నరాలకు కరెంటు పెట్టి చూసే నర్వ్ కండక్షన్ స్టడీ, వెన్నులోంచి నీరు తీసే లంబార్ పంక్చర్ అయ్యాక అదేనని తేల్చారు. ఒంట్లోని ఇమ్యూనిటీ పొరపాటున సొంత నరాల మీదికే తిరిగే జబ్బట అది.

నడుస్తానా అని అడిగాను.

"చాలామంది నడుస్తారమ్మా. ఎప్పుడని మాత్రం నన్నడగొద్దు."

ఐసీయూలో ఉంచి, ఆ దాడిని తగ్గించే ఐవీఐజీ మందు ఎక్కించారు. ఊపిరి ఎంత నిలుస్తుందో చూడటానికి ఒకే శ్వాసలో అంకెలు లెక్కపెట్టమనేవారు. వెంటిలేటర్ అవసరం రాలేదు. కానీ ఇంటికి వచ్చేనాటికి నా అంతట నేను పక్కకు కూడా తిరగలేకపోయేదాన్ని. పుస్తకం పట్టుకోలేకపోవడం అన్నిటికంటే కష్టమనిపించింది.

అది జూలై. యూరప్‌లో మూడు వారాల సైకిల్ పోటీ టీవీలో వస్తోంది. రోజుకొక మజిలీ, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి. మావారు ఏటా చూసేవారు. నేను పక్కన కూర్చుని చదువుకునేదాన్ని. సుజాత అదే పెట్టింది. ఆపమన్నాను.

"పుస్తకం పట్టుకునేదానికి చేతులు ల్యా, రిమోటు పట్టుకునేదానికీ ల్యా. ఈ ఇంట్లో ఇంక నాదే పెత్తనం వదినా" అంది. చాలా నెలల తర్వాత నాకు నవ్వొచ్చింది.

ఆ రోజు కొండల మజిలీ. గెలిచినవాడు వచ్చి చాలాసేపయింది. చివరన ఒక గుంపు మెల్లగా ఎక్కుతోంది. రంగురంగుల చొక్కాలు, అంటే వేర్వేరు జట్లవాళ్లు. పోటీదారులు కదా, కలిసి ఎందుకు వస్తున్నారని అడిగాను.

"వాళ్లు లావు మనుషులు, కొండెక్కలేరు. గెలిచినోని ఎనకాల ఇంత టైములోపల రాకుంటే రేపు సైకిలెక్కనియ్యరు. ఒంటిగా వస్తే అలిసిపోతారు. అందుకే వంతులేసుకొని ఒకరు గాలికి అడ్డంగా ముందర తొక్కితే మిగిలినోళ్లు ఎనకాల వస్తారు. మా అన్న చూసేది వీళ్లనే వదినా. ముందర పోయేటోళ్లను కాదు."

అది నాకు తెలియదు. ఆ రోజు నుంచి పోటీ ముగిసేదాకా నేనూ వాళ్లనే చూశాను.

తర్వాత ఫిజియోథెరపీ మొదలైంది. అక్కడ పరిచయమైన మనిషి ఓబుళరెడ్డి. పులివెందుల పక్కన లింగాల రైతు. స్ట్రోక్ వచ్చి కుడి కాలు పడిపోతే ప్రొద్దుటూరులో కూతురింట్లో ఉన్నాడు. ఆయనకు నడక కూడా పందెమే. నడక నేర్పే రెండు కమ్మీలు పట్టుకుని అవతలి కొసకు చేరి, "టీచరమ్మా, ఈ పొద్దు గూడా నువ్వు కడానే" అనేవాడు. ఒకరోజు నాకూ పౌరుషమొచ్చింది. ఫిజియోథెరపిస్టు ఆపమన్నా ఆపకుండా నడిచి ఆయన్ని ఓడించాను. మర్నాడు తల దువ్వుకోవడానికి చేతులు లేవలేదు. జబ్బు తిరగబెట్టిందనుకుని ఏడ్చాను.

"రిలాప్స్ కాదు, ఫెటీగ్" అన్నాడు డాక్టరు. "అలుపు రాకముందే ఆపాలి. పంతానికి పోతే వెనక్కి పోతారు."

మళ్లీ వెళ్లినప్పుడు ఓబుళరెడ్డి తన పందెం వల్లే నాకలా అయిందని చిన్నబోయి కూర్చున్నాడు. ఆయనకు ఆ చివరి గుంపు సంగతి చెప్పాను. "ఓడిపోయేటోళ్లకు గూడా ఒక జట్టా!" అని నవ్వాడు. కానీ ఆ రోజు నుంచి వంతులు పెట్టింది ఆయనే. నేను నడిస్తే ఆయన కూర్చునేవాడు. నా ముఖం వాడితే, "చాలు, దిగు" అనేవాడు.

అలా వాకర్ పోయింది, తర్వాత చేతికర్ర పోయింది. ఆయన కాలికీ బలం వచ్చింది. నేను బడికి వెళ్లాను. ఆ చలికాలం సైకిలెక్కాను. అప్పుడు ఓబుళరెడ్డి తమ పులివెందుల దాకా మజిలీలు చేసుకుని పోదామన్నాడు. అలసినచోట దిగిపోతామంటే సరేనన్నాడు డాక్టరు. ఆదివారానికొక మజిలీ. వెనక ఆయన అల్లుడి ఆటో. జమ్మలమడుగు, ముద్దనూరు దాటాం. ఎదురుగాలికి ముందర సుజాత, వెనక నేను, నా వెనక మా ఇద్దరి తొక్కుడుకూ వంకలు పెడుతూ ఆయన.

చివరి ఆదివారం పులివెందుల దగ్గరపడుతుంటే ఆయన ముందుకు దూసుకుపోయాడు. నా కాళ్లలో సత్తువ అయిపోయి దిగాను. "పోయినాడు చూడు, బుద్ధి పోనిచ్చుకున్నాడు కాదు" అంది సుజాత. ఆటో ఎక్కుదామా అని అడిగింది. నడుస్తానన్నాను.

ఊరి మొదట్లో కల్వర్టు మీద ఆయన కూర్చుని ఉన్నాడు. కాస్త అవతల ఆయన మనుషులు దండ పట్టుకుని రమ్మని కేకలేస్తున్నారు. ఆయన కదలలేదు.

"ఏమన్నా, ఊరొచ్చింది గదా?" అన్నాను.

"ఒక్కన్నే పోతే అది గుంపెట్లయితాది టీచరమ్మా? దమ్ము తీసుకో. కలిసే పోదాం."

ముగ్గురం సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్లాం. తెచ్చింది ఒకటే దండ. దాన్ని సుజాత లాక్కుని తన మెడలో వేసుకుంది.

ఇప్పుడు రోజూ బస్సులో బడికి వెళ్తున్నాను. కాలివేళ్లలో కొంత తిమ్మిరి మిగిలింది, అందుకని పట్టీ ఉన్న చెప్పులు వేసుకుంటున్నాను. జూలైలో మావారి కుర్చీలో ఓబుళరెడ్డి కూర్చుని పోటీ చూస్తాడు.

ఈ జబ్బుతో ఉన్నవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. వ్యాయామం ఒంటరిగా చేయకండి. మీలాగే మెల్లగా కోలుకుంటున్న మనిషిని ఒకరిని చూసుకోండి. ఆ మనిషి చాలు అన్నప్పుడు ఆగండి.